మూడో అంతస్తుకు దారి లేదు

నాలుగోసారి కూడా దర్శిని అదే ప్లాన్ ఇచ్చింది.

వార్డు ఆఫీసు మూలనున్న బూత్‌లోంచి సాయమ్మ కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చేసరికే గోడమీది స్క్రీన్ నిండా ఆకుపచ్చ అక్షరాలు పరుచుకుని ఉన్నాయి. 'వల్లెపు సాయమ్మ, అరవై ఆరేళ్లు. మంగళవారం ఉదయం పది గంటలు. కింది అంతస్తు: చేనేత వస్త్రాలు, పద్దెనిమిది నిమిషాలు. కుండలు, పింగాణీ, పన్నెండు నిమిషాలు. మొదటి అంతస్తు: కంచు విగ్రహాలు, పదిహేను నిమిషాలు. తర్వాత కాంటీన్. ఈ సందర్శన మీకు ఆనందం కలిగించే అవకాశం తొంభై ఒక్క శాతం.'

"మూడో అంతస్తు ఏది?" అని అడిగింది సాయమ్మ.

"రాలేదమ్మా," అన్నాడు బూత్ దగ్గర కూర్చున్న గుమాస్తా.

"ఎందుకు రాదు? నాలుగుసార్లు అండ్ల మొకం పెట్టిన. నాలుగుసార్లు నీకు నోటితోని చెప్పిన. నాకు బట్టలొద్దు, కుండలొద్దు. మూడో అంతస్తుల పదకొండో రూము కావాలె."

"నేను రాసేది కాదమ్మా ఇది. మీ కళ్లే చెప్పాయి."

సాయమ్మ ముప్పై రెండేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసిన మనిషి. రెండు వందల మంది పిల్లల గోలలోనూ వినిపించే గొంతు ఆమెది. ఇప్పుడు ఆ గొంతుకు వార్డు ఆఫీసంతా తలలు తిప్పి చూసింది.

"నా కండ్లు నీకు చెప్పినయా? మరి నా నోరేం చెప్తున్నదో ఇనవడ్తలేదా నీకు?"

గుమాస్తా తలవంచి కాగితాలు సర్దుకున్నాడు. అలాంటప్పుడు ఏమీ అనకూడదని వాళ్లకు ట్రైనింగ్‌లో చెప్పారు.

దర్శిని అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాద్ పడమటి అంచున మహానగర కళాభవనం తెరిచిన మొదటి ఏడాది, టికెట్ లేదు కదా అని జనం విరగబడి వచ్చారు. తొమ్మిది వేల పైచిలుకు బొమ్మలూ విగ్రహాలూ. ఒక ఆదివారం మెట్లమీద తొక్కిసలాటలో ఇరవైమందికి కాళ్లూ చేతులూ విరిగాయి. అంత కష్టపడి లోపలికి వెళ్లినవాళ్లు కూడా ఒక్కో బొమ్మ ముందు సగటున రెండు సెకన్లే నిలబడుతున్నారనీ, ఇంటికెళ్లాక ఏం చూశారో గుర్తు ఉండటం లేదనీ డాక్టర్ నిరంజన్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. మనుషుల కంటి కదలికల మీద ఆయన పదిహేనేళ్లు పరిశోధన చేశాడు. దర్శిని ఆయన తయారుచేసిన యంత్రం.

కళ్లద్దాల షాపులో గడ్డం ఆనించి కూర్చున్నట్టే ఇక్కడా కూర్చోవాలి. ఏడు నిమిషాల్లో రెండు వందల నలభై బొమ్మలు కళ్లముందు మెరిసి మాయమవుతాయి. మీ కంటిపాప ఎటు తిరిగింది, ఎంతసేపు ఆగింది, ఎంత పెద్దదైంది, రెప్ప ఎప్పుడు వాలింది అన్నది కెమెరా పట్టుకుంటుంది. దాంతో మీ 'చూపు పటం' తయారవుతుంది. అంతకుముందు వచ్చిన లక్షలమంది చూపు పటాలతో దాన్ని పోల్చి, ఏ బొమ్మ ముందు మీరు ఎన్ని సెకన్లు నిలబడతారో దర్శిని ముందే చెప్పేస్తుంది. ఆ ప్రకారం చేతికి ఒక బ్యాండ్ ఇస్తారు. ప్లాన్‌లో ఉన్న గదుల తలుపులే దానికి తెరుచుకుంటాయి. రంగులు పాడవకుండా గదులు మసకచీకటిగా ఉంచుతారు. సెకన్లు మిగిలి ఉన్న మనిషి వచ్చి నిలబడితేనే బొమ్మ మీద లైటు వెలుగుతుంది. సెకన్లు అయిపోగానే ఆరిపోతుంది. బొమ్మల ఫోటోలు ఎక్కడా దొరకనివ్వరు. ముందే చూసేస్తే కంటి లెక్క చెడిపోతుందట.

నగరానికి దర్శిని తెగ నచ్చింది. ఏం చూడాలా అన్న తలనొప్పి పోయింది. పెళ్లిచూపుల్లో చూపు పటాలు మార్చుకోవడం కూడా మొదలైంది. ఒక మనిషికి మూడేళ్లకు ఒకసారే సందర్శన. ప్లాన్ నచ్చకపోతే మొత్తం నాలుగుసార్ల దాకా కళ్లు పెట్టొచ్చు. ఆ నాలుగూ సాయమ్మకు అయిపోయాయి.

పదకొండో గదిలో ఉన్నది ఆమె తల్లి.

తల్లి పేరు తిరుపతమ్మ. ఘట్‌కేసర్ దగ్గరి క్వారీలో రాళ్లు కొట్టేది. సాయమ్మకు రెండేళ్లు నిండకముందే అక్కడ బండలు పేల్చే మందు పేలి చనిపోయింది. ఒక్క ఫోటో లేదు. "మీ అమ్మ ఎట్లుండె?" అని ఎవరైనా అడిగితే సాయమ్మ దగ్గర జవాబు లేదు. ఆ మొహం తెలిసినవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు, మేనమామ ఐలయ్య. ఆయన కూడా ఆరు వారాల కిందట పోయాడు. పోయేముందు ఆస్పత్రి మంచంమీద చెప్పాడు: "నువ్వు పాలు తాగే పిల్లప్పుడు పట్నం నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చి నాలుగు దినాలు మీ అమ్మ బొమ్మ గీసిండు బిడ్డా. అచ్చం అక్కనే." ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదన్నాడు.

సాయమ్మ కూతురు స్వరూప సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక కళాభవనం జాబితాలన్నీ వెదికింది. మూడో రోజు దొరికింది. 'రాళ్లు కొట్టే స్త్రీ. 1986. తైలవర్ణం. ఘట్‌కేసర్ క్వారీలో చిత్రించినది. మూడో అంతస్తు, పదకొండో గది.' బొమ్మ లేదు, ఆ నాలుగు మాటలే ఉన్నాయి.

ఆ రోజు నుంచే తల్లీకూతుళ్లు ప్రయాణం ప్లాన్ చేయడం మొదలుపెట్టారు. ఏ బస్సు ఎక్కాలి, స్వరూప ఏ రోజు సెలవు పెట్టాలి, అక్కడ కూర్చోవడానికి జాగా ఉంటుందా? (కుర్చీలు లేవు. కూర్చుంటే జనం ఎక్కువసేపు చూస్తారని తీసేశారు.) అన్నీ ఆలోచించుకున్నారు. యంత్రం ఒప్పుకోదన్నది మాత్రం వాళ్ల ఆలోచనకు రాలేదు.

స్వరూప అభ్యంతరం రాసి పంపింది. దర్శిని మీద అభ్యంతరాలు లక్షకు ఆరేడుకు మించి రావు. వచ్చిన ప్రతిదాన్నీ నిరంజన్ స్వయంగా చదివేవాడు. శుక్రవారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లను పిలిపించి, ఆయనే వార్డు ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, మర్యాదగా మాట్లాడే మనిషి. చేతిలో టాబ్లెట్.

"అమ్మా, మీ నాలుగు పటాలూ చూశాను," అన్నాడు ఎదురుగా కూర్చుని. "మనుషుల మొహాలున్న బొమ్మలు మీకు అరవై చూపించాం. ఒక్క మొహాన్ని కూడా మీరు పావు సెకను మించి చూడలేదు. వెంటనే కళ్లు దించేసుకున్నారు. నాలుగుసార్లూ అంతే. మూడో అంతస్తులో ఉన్నవన్నీ మనుషుల బొమ్మలే. అక్కడికి పంపితే మీకు విసుగొస్తుంది."

"పరాయోళ్ల మొకంల మొకం పెట్టి గుడ్లప్పగించి సూస్తరా సారూ ఎవరన్న? మా ఇంట్ల గట్ల పెంచలేదు."

నిరంజన్ వేళ్లు టాబ్లెట్ మీద ఆగాయి. "అవి బొమ్మలే కదమ్మా."

"బొమ్మలైతేంది? మొకం మొకమే కద."

ఆయన ఒక క్షణం ఆలోచించాడు. కానీ పదిహేనేళ్ల పని అంత తేలిగ్గా వదలదు. "కారణం ఏదైనా సరే, చూపు చూపే. తొంభై నాలుగు శాతం మంది విషయంలో దర్శిని చెప్పింది నిజమైంది. వాళ్లు అనుకున్నది వేరు, అక్కడికి వెళ్లాక కళ్లు చేసింది వేరు. మనకు ఏది ఇష్టమో మనకంటే మన కళ్లకే బాగా తెలుసు."

"సారూ," స్వరూప కల్పించుకుంది, "అది మా అమ్మమ్మ బొమ్మ. ఇష్టం గిష్టం ముచ్చట కాదిది."

"అర్థమైంది. కానీ ఆ సంగతి రాయడానికి దర్శినిలో గడి లేదు."

"గడి లేకుంటె పెట్టు!" అంది సాయమ్మ. "నువ్వు చేసిందే కద ఆ మిషిను. దేవుడు చేసిండా?"

నిరంజన్ మొహం కొంచెం ఎర్రబడింది. జేబులోంచి నల్లటి బ్యాండ్ ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "ఇది పరీక్షల కోసం వాడే బ్యాండ్. ఏ గదైనా దీనికి తెరుచుకుంటుంది. గదికి నలభై సెకన్లు. మీరు రండి. పదకొండో గదిలో మీ చూపు నేను కొలుస్తాను. పది సెకన్లు దాటదని నా అంచనా. దాటితే దర్శినిని మార్చాల్సిన బాధ్యత నాది."

సాయమ్మకు ఆ మాట మంట పుట్టించింది. తల్లిని చూడ్డానికి వెళ్తుంటే ఈయన కొలుస్తాడట. బ్యాండ్‌ను ఆయన మొహానే కొట్టాలనిపించింది. కానీ మూడేళ్ల తర్వాత తాను ఉంటుందో లేదో, కళ్లు ఉంటాయో లేదో. చెయ్యి చాచి బ్యాండ్ తీసుకుంది.

"కొలుసుకో," అంది.

మంగళవారం పదింటికి వాళ్లు కళాభవనం చేరారు. మొదటి గేటు దాటారు. జనం బ్యాండ్లు చూసుకుంటూ నిశ్శబ్దంగా, ఎవరి దారిన వాళ్లు నడుస్తున్నారు. ఒకే ఇంట్లోంచి వచ్చిన భార్య కుడివైపు తలుపులోకి, భర్త ఎడమవైపు తలుపులోకి. స్వరూప దగ్గర బ్యాండ్ లేదు కాబట్టి కిందే ఆగిపోవాల్సి వచ్చింది. నిరంజన్ వెనక సాయమ్మ లిఫ్ట్ ఎక్కింది.

పదకొండో గది మసకగా, చల్లగా ఉంది. తలుపు దగ్గర గౌసియా అనే గార్డు నిలబడి ఉంది. నలభై ఐదేళ్ల మనిషి. లైటు ఆరిపోయిన తర్వాత కూడా కదలని వాళ్లను "అయిపోయింది, ముందుకు నడవండి" అనడమే ఆమె ఉద్యోగం. ఒక్కో గదికి ఇచ్చిన సెకన్లను ఆ గదిలో ఏ బొమ్మ దగ్గరైనా వాడుకోవచ్చు. సాయమ్మ తిన్నగా చివరి గోడ దగ్గరికి నడిచింది. లైటు వెలిగింది.

ఎండకు తెల్లబారిన క్వారీ. కంకర కుప్ప మీద కూర్చున్న ఆడమనిషి. కుడిచేతిలో పైకెత్తిన సుత్తె. దుమ్ముకు అడ్డంగా కొంగును ముక్కూ నోటి మీదుగా చుట్టుకుంది. నుదురు, రెండు కళ్లు, ఒక చెవి మాత్రమే కనిపిస్తున్నాయి. చెవికి కమ్మ లేదు, రంధ్రం పూడిపోకుండా పెట్టుకున్న వేపపుల్ల ఉంది. బొమ్మ మూలన మూడు కర్రలకు కట్టిన గుడ్డ ఉయ్యాల, అందులోంచి వేలాడుతున్న చిన్న పాదం.

సాయమ్మ అలవాటు కొద్దీ కళ్లు దించుకుంది. నిరంజన్ టాబ్లెట్ చూసుకున్నాడు. పావు సెకను.

తర్వాత ఆమె తల ఎత్తింది. ఇక దించలేదు.

బొమ్మ కింద చిన్న పలక మీద గీసినవాడి పేరు, కొన్నవాడి పేరు, వాటి కింద ఒక వ్యాఖ్య రాసి ఉన్నాయి: 'శ్రమలోని ప్రశాంతత.' సాయమ్మ దాన్ని కూడబలుక్కుని చదివింది. మళ్లీ ఆ రెండు కళ్లలోకి చూసింది. ఆ కళ్లు తిన్నగా ఆమెనే చూస్తున్నాయి. అంటే ఆ రోజు ఎదురుగా కూర్చుని గీసిన మనిషిని.

"ప్రశాంతమా?" అంది సాయమ్మ పైకే. "ఎవడు రాసిండు గిది? మా అమ్మ మండిపోతున్నది. ఆ పిల్ల ఉయ్యాలల ఏడుస్తాంది. ఆకలికి ఏడుస్తాంది. మా మామ చెప్పిండు. బొమ్మ గీసెటాయన సుత్తె దించొద్దు, కదలొద్దు అన్నడట. పొద్దు నడినెత్తిన ఉన్నది. పిల్లకు పాలియ్యనిస్తలేడు…"

లైటు ఆరిపోయింది.

గదంతా మళ్లీ మసక. బొమ్మ ఉన్నచోట నల్లటి చతురస్రం.

"లైటెయ్యి," అంది సాయమ్మ.

"నలభై సెకన్లు అయ్యాయమ్మా," అన్నాడు నిరంజన్. ఆయన అంచనా తప్పింది. టాబ్లెట్ మీద గీత ఆయన ఎప్పుడూ చూడనంత ఎత్తుకు లేచింది. దాన్నే చూస్తున్నాడు.

"లైటెయ్యి!"

"నా చేతిలో లేదు…"

"అరవై నాలుగేండ్లయింది సారూ నేను మా అమ్మను సూసి! నలభై సెకండ్లు ఇస్తవా? నీ తల్లిని నువ్వు గంటెతోని కొలుసుకుంటవా? పో, ఎవరేస్తరో వాళ్లను పిలువు!"

అప్పుడు గౌసియా కదిలింది. "అయిపోయింది, ముందుకు…" అని అనబోయి ఆగిపోయింది. రోజుకు కొన్ని వందలసార్లు అనే మాట ఆమె నోట్లోంచి రాలేదు. వెనక్కి వెళ్లి తన చోట్లో నిలబడింది.

గదిలో పదిమంది దాకా ఉన్నారు. పక్క బొమ్మ ముందు నిలబడ్డ కాలేజీ అమ్మాయి వచ్చి సాయమ్మ పక్కన నిలబడింది. లైటు వెలిగింది. "నాకింకా ఇరవై ఐదు ఉన్నాయి ఆంటీ, మీరు చూడండి," అంది. అవి అయిపోతుండగా ఒక పెద్దాయన కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. ఆయన తర్వాత చంకలో పిల్లాడితో ఒకామె. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏమైందని అడిగి, విని, వరసలో నిలబడ్డారు. ఒకరి సెకన్లు తీరేలోగా ఇంకొకరు. ముప్పై ఐదు నిమిషాలు ఆ బొమ్మ మీద లైటు ఆరలేదు.

సాయమ్మ ఏడవలేదు. తల్లి ఎంత కోపంగా ఉందో, అది ఎవరి కోసమో చూస్తూ నిలబడింది.

ఎనిమిది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. కళాభవనం ముద్రతో, మంచి కాగితం మీద. స్వరూప పైకి చదివింది.

'గౌరవనీయులైన సాయమ్మ గారికి. ఆ రోజు పదకొండో గదిలో ఉన్న సందర్శకుల చూపులను దర్శిని విశ్లేషించింది. వారి చూపు నాలుగు శాతం చిత్రం మీద, తొంభై ఆరు శాతం మీ మీద నిలిచింది. కళాభవనం చరిత్రలో ఇంతగా చూపు నిలిపిన వస్తువు మరొకటి లేదు. కావున దర్శిని మిమ్మల్ని 9,216వ ప్రదర్శనగా నమోదు చేసి, సందర్శకుల ప్లాన్లలో చేర్చింది. శుక్రవారం మినహా ప్రతిరోజూ పది నుంచి ఒంటిగంట వరకు మీరు ఆ చిత్రం ముందు నిలబడవలసిందిగా ప్రార్థన. మీకు బ్యాండ్ అవసరం లేదు. సెకన్ల పరిమితి లేదు. మీ మీద ప్రత్యేకంగా ఒక లైటు ఏర్పాటు చేయగలము.'

స్వరూప కాగితం మడిచింది. మెల్లగా అంది: "అమ్మా, ఒక్క మాట అంటా, తిట్టకు. నీకు కావల్సింది అమ్మమ్మను సూసుడే కద. రోజూ సూడొచ్చు. ఎంతసేపన్నా."

సాయమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది. కూతురి మాటలో తప్పు లేదు. పొద్దున్నే వెళ్లి మూడు గంటలు తల్లి ఎదురుగా నిలబడొచ్చు. ఎవరూ లైటు ఆపరు.

"ఫోను కలుపు ఆ సారుకు," అంది.

నిరంజన్ వెంటనే ఎత్తాడు. "ఉత్తరం నేను రాయలేదమ్మా. దర్శిని సిఫారసు చేసింది, డైరెక్టర్ సంతకం చేశారు. అయినా ఒకవిధంగా…"

"ఒకవిధంగ ఏంది?"

"మీకు మంచిదే కదా అనుకున్నాను."

"ఇను. ఒకడు మా అమ్మను ఎండల నిలవెట్టిండు. సుత్తె దించొద్దన్నడు, కదలొద్దన్నడు, పిల్ల ఏడిస్తె ఏడవనీ అన్నడు. బొమ్మ గీసుకొని పోయిండు. మా అమ్మ పేరన్న అడగలె. ఆ పలక మీద గీసినోని పేరున్నది, కొన్నోని పేరున్నది, ఆమె పేరు లేదు. ఇప్పుడు దాని ముంగట నన్ను నిలవడమంటున్నరు, మీద లైటేస్తమంటున్నరు. ఆ జనం నాకు సెకండ్లిచ్చిండ్రు సారూ. మంచోళ్లు. నీ మిషిను వాళ్లను తమాషా సూసినోళ్ల లెక్క రాసుకున్నది."

"వాళ్ల కళ్లు మీ మీదే ఉన్నాయమ్మా, అది మాత్రం నిజం."

"ఏడుపొచ్చేటట్టున్న ముసలిదాన్ని సూడక ఏం సూస్తరు? గది మనిషితనం. నీ మిషినుకు గది కొలిచేటందుకు గడి ఉన్నదా?"



"నేను రాను," అని ఫోను పెట్టేసింది. ఆ పూట అన్నం తినలేదు. తల్లిని చూసే దారిని తన చేత్తోనే మూసుకున్నానన్న కోపం ఒకటి, మూయకుండా ఎలా ఉండాలన్న కోపం ఇంకొకటి, రెండూ రెండు రోజులు తగ్గలేదు.

కానీ దర్శిని ఒకసారి నమోదు చేశాక ఆగదు. 9,216వ ప్రదర్శన వేలమంది ప్లాన్లలోకి వెళ్లిపోయింది. జనం పదకొండో గదికి వచ్చి "ఆమె ఏది?" అని అడిగారు. లేదని తెలిసి బొమ్మ వైపు రెండు మూడు సెకన్లు చూసి, నిరాశగా వెళ్లిపోయారు. ఆ రెండు మూడు సెకన్లూ బొమ్మ ఖాతాలో పడ్డాయి. నెల తిరిగేసరికి తొమ్మిది వేల వస్తువుల్లో అన్నిటికంటే తక్కువ చూపు నిలిపిన బొమ్మగా 'రాళ్లు కొట్టే స్త్రీ' తేలింది. అట్టడుగున ఉన్న పది బొమ్మలను ప్రతి నెలా నేలమాళిగ గోడౌన్‌కు పంపడం అక్కడి పద్ధతి. ఒక బుధవారం ఇద్దరు మనుషులు దాన్ని గోడమీంచి దించి, గోనెపట్టా చుట్టి, కిందికి తీసుకుపోయారు.

మరుసటి రోజు సాయమ్మకు ఒక ఫోను వచ్చింది.

"నేను గౌసియాను అక్కా. పదకొండో రూము గార్డును. ఆ రోజు నిన్ను జరగమననందుకు నన్ను గోడౌన్‌ల ఏసిండ్రు."

"అయ్యో, నా వల్లనా చెల్లె?"

"ఏం కాదులే, ఇక్కడ కూసునే డ్యూటీ. అది కాదు, మీ అమ్మ నా దగ్గరికే వచ్చింది. రూలు పుస్తకం సదివిన. గోడౌన్‌ల బొమ్మ ఎవరన్న సూడాల్నంటె అర్జీ రాసిస్తె సాలు. ఇప్పటిదాంక ఒక్కరు గూడ రాయలేదంట. బ్యాండు లేదు, సెకండ్లు లేవు. కుర్సీ గూడ ఉన్నది, ప్లాస్టిక్‌ది."

శనివారం స్వరూప అర్జీ రాసింది. సాయమ్మ సంతకం పెట్టి లోపలికి వెళ్లింది. పట్టా తీసిన బొమ్మ గోడకు ఆనించి ఉంది. పైన మామూలు ట్యూబ్‌లైటు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు.

అలా వారానికి రెండుసార్లు వెళ్లడం మొదలైంది. నిలబడి చూసినప్పుడు కనపడనివి కూర్చుంటే కనపడ్డాయి. తల్లి ఎడమచేతి బొటనవేలుకు గోరు లేదు. కనుబొమ మీద చిన్న కాలిన మచ్చ. కొంగు అంచు చిరిగితే నల్ల దారంతో కుట్టుకుంది. ఉయ్యాలలో పాదం తనదే కాబట్టి దాన్ని ఎక్కువసేపు చూసేది కాదు. ఒక్కోసారి తల్లితో గొడవ పడేది కూడా. "సుత్తె వాని నెత్తిమీద ఎందుకెయ్యలేదే?" అనేది. గౌసియా టీ తెచ్చి పక్కన కూర్చునేది. ఒకరోజు ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో 'తిరుపతమ్మ, ఘట్‌కేసర్' అని రాసి బొమ్మ ఫ్రేముకు దారంతో కట్టింది. ఎవరూ వద్దనలేదు. అక్కడికి ఎవరూ రారు.

ఐదు నెలలు అలా గడిచాక ఒక సోమవారం ఉదయం గోడౌన్ తలుపు తోసుకుని నిరంజన్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. చేతిలో టాబ్లెట్.

"అమ్మా! మీకు ముందు చెప్పాలని పరుగెత్తుకొచ్చాను," అన్నాడు బొమ్మకూ ఆమెకూ మధ్య వచ్చి నిలబడి. "ఆ రోజు మీరన్న మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఐదు నెలలు కూర్చుని దర్శినిని మొత్తం తిరగరాశాను. మర్యాద కోసం కళ్లు దించుకోవడాన్ని ఇప్పుడది గుర్తుపడుతుంది. మనిషి మీద పడ్డ చూపును బొమ్మ లెక్కలోంచి తీసేస్తుంది. రక్తసంబంధం రాయడానికి గడి కూడా పెట్టాను. పాత తప్పులన్నీ సరిచేసి లెక్క వేస్తే, ఈ బొమ్మ విలువ ఎంతకు చేరిందో తెలుసా? మొదటి ఐదింటిలో ఒకటి! గురువారం దీన్ని పైకి తీసుకెళ్తున్నారు. ముందు హాల్లో పెడతారు."

గౌసియా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"పైకి తీస్కపోతె?" అంది సాయమ్మ.

"అందరూ చూస్తారు! మీకు కూడా ప్లాన్‌లో కచ్చితంగా వస్తుంది. నేనే సరిచూశాను. రక్తసంబంధం గడి వల్ల మీకు మామూలు వాళ్లకంటే ఎక్కువ ఇస్తుంది. నాలుగు నిమిషాలు."

"ఎన్ని దినాలకోసారి?"

నిరంజన్ నోరు తెరిచాడు. మొహంలోని వెలుగు మెల్లగా తగ్గింది. ఆ సంగతి ఆయనకు ఇప్పుడే తట్టినట్టుంది.

"మూడేళ్లకు," అన్నాడు.



"నిన్నెవరు బాగు చెయ్యమన్నరు?" సాయమ్మ గొంతు గోడలకు కొట్టి తిరిగొచ్చింది. "ఖరాబున్నప్పుడు నా తల్లి నాకు దొరికింది. ఐదు నెలలు కూసున్నవు కద, ఒక్కసారన్న ఫోను చేసి అడిగినవా? 'సాయమ్మా, నీకేం కావాలె' అని అడిగినవా?"

"మీ కోసమే చేశానమ్మా," అన్నాడు నిరంజన్. ఆ మాట నిజమే. "మీరు కోరింది ఇదే అనుకున్నాను. ఆపమని చెప్పి చూస్తాను… కానీ ఇప్పుడది నా మాట వినదు. తప్పు లేని లెక్కను ఎవరూ ఆపరు. గురువారం పొద్దున ట్రాలీ వస్తుంది."

"గురువారమా?" సాయమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. సోమ, మంగళ, బుధ. కుర్చీని ఇంకో అడుగు ముందుకు లాక్కుంది. కొంగు నడుముకు దోపుకుని, శాస్త్రవేత్త వైపు తల ఎత్తింది.

"ఇంక మూడు దినాలే ఉన్నయి. జర పక్కకు జరుగు, అడ్డమున్నవు."

నిరంజన్ పక్కకు జరిగాడు.